గేమ్ చేశాం, మరి చేరేదెట్లా?

గేమ్ తయారు చేయడం సగం పనే. ఆడేవాళ్ల చేతికి చేర్చడం మిగతా సగం. ఈ రెండో సగం గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. అందుకే ఈ పోస్టు.

మహాద్ చవదార్ చెరువు పోరాటం మీద మేం నలుగురం కలిసి చిన్న గేమ్ చేశాం. వాడింది గోడాట్ ఇంజిన్. పూర్తిగా ఉచితం. తెలుగు వత్తులు విడిపోకుండా రావాలంటే మాత్రం 2023లో వచ్చిన నాలుగో వెర్షన్ గానీ ఆ తర్వాతది గానీ తీసుకోండి. తెలుగు ఫాంట్‌ని గేమ్ లోపలే కలపండి. ఆడేవాళ్ల ఫోన్‌లో ఉంటుందిలే అనుకోవద్దు.

ఇక ఎక్కడ పెట్టాలి? స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు ముందే కట్టాలి. రాబడి 1000 డాలర్లు దాటితేనే అవి వెనక్కొస్తాయి. అమ్మకంలో మామూలుగా 30 శాతం వాళ్లదే. గూగుల్ ప్లేలో ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు. ఇచ్ డాట్ ఐవోలో పెట్టడానికి రూపాయి అక్కర్లేదు, వాళ్లకెంత వాటా ఇవ్వాలో మనమే చెప్పొచ్చు.

"స్టోర్ అందరికీ తెరిచే ఉంది కదా, అది కులం అడగదు కదా" అన్నాడొక మిత్రుడు. నిజమే, కులం అడగదు. కార్డు అడుగుతుంది. మా టీంలో ఒకమ్మాయికి 100 డాలర్లంటే వాళ్లమ్మ నెల కూలి. చవదార్ చెరువు కూడా కాగితం మీద అందరిదే. ప్రభుత్వ ఖర్చుతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లూ వాడుకోవచ్చని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. అయినా ఆ నీళ్లు ముట్టడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజే మనవాళ్ల మీద దాడి కూడా జరిగింది. తలుపు తెరిచి ఉండటం వేరు, లోపలికి పోగలగడం వేరు.

అందుకే మేం రెండు దారులు పట్టుకున్నాం. ఒకటి, బ్రౌజర్‌లోనే ఆడే వెర్షన్. కాలేజీ ల్యాబ్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు కాబట్టి అది అక్కడ పనికొస్తుంది. రెండు, ఏపీకే ఫైల్. హాస్టల్లో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి, నెట్ బ్యాలెన్స్ లేకపోయినా పోతుంది. సైజు తగ్గించడానికి బొమ్మల కంటే ముందు పాటల ఫైళ్లు చూడండి. ఏపీకేకి సంతకం చేసే కీస్టోర్ ఫైల్‌ని రెండు చోట్ల దాచండి. అది పోతే కొత్త వెర్షన్ పాతదాని మీద ఎక్కదు. ఉన్న గేమ్ తీసేసి మళ్లీ మొదటి నుంచి ఆడాలి.

మీ హాస్టల్లో తక్కువ ర్యామ్ ఉన్న పాత ఫోన్ ఎవరి దగ్గరుందో చూడండి. ముందు దాంట్లో ఆడించండి. ఎక్కడ ఆగిపోయిందో కామెంట్‌లో రాయండి. స్టోర్ రివ్యూ కంటే మాకు అదే ఎక్కువ.

జై భీమ్.