మొరాయించిన రష్యా లెన్సు

ఈమధ్య సినిమా కెమెరామన్లకి కొత్త జబ్బు పట్టుకుంది. అదేమిటంటే... పాత లెన్సుల జబ్బు! లక్షలు పోసి కొన్న లెన్సులు బొమ్మని మరీ కడిగిన ముత్యంలా చూపిస్తున్నాయట. అలా ఉంటే మొహంలో జీవం రాదంటారు వాళ్లు. 2024లో వచ్చిన ‘డ్యూన్: పార్ట్ టూ’కి గ్రెగ్ ఫ్రేజర్ సోవియట్ కాలపు లెన్సులు కూడా వాడాడు. ఇక మన కుర్రాళ్లు ఊరుకుంటారా? అటకలన్నీ వెతుకుతున్నారు.

వాళ్లు వెతికే వాటిల్లో ముఖ్యమైనది హీలియోస్ 44-2. జర్మనీ వారి బయోటార్ లెన్సు నమూనాగా రష్యావాళ్లు చేసింది. 58 మిల్లీమీటర్లు, ఆరు అద్దాలు. జెనిట్ కెమెరాతో పాటు మన దేశానికీ వచ్చేది. వెనకాల చెట్టుంటే ఆకుల మధ్య వెలుగు చుక్కలు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. ఆ సుడి కోసమే ఈ తాపత్రయమంతా.

అలాంటిది మా పిన్ని బీరువాలో ఒకటుంది. మా బాబాయికి రాజమండ్రిలో ఫొటో స్టూడియో ఉండేది. గోదావరి గట్టున షూటింగులు జరిగినప్పుడు స్టిల్స్ కూడా తీసేవాడు. ఆయన పోయి పద్దెనిమిదేళ్లయింది. లెన్సు అద్దాలు బాగానే ఉన్నాయి గానీ ఫోకస్ రింగు మాత్రం బిగుసుకుపోయింది. రెండు మీటర్ల గుర్తుకి కాస్త ఇవతల ఆగి, అటూ కదలదు, ఇటూ కదలదు. షార్ట్ ఫిల్మ్ తీస్తున్న మా స్నేహితుడు దానిమీద కన్నేశాడు.

పిన్నిని అడిగాను.

“మీ బాబాయి ఆఖరిసారి తిప్పిన చోటురా అది. అక్కడే ఉండనీ” అంది.

ఏం చెప్పను? ఆ మాటకి జవాబుందా! అలా వదిలేస్తే గ్రీజులోని నూనె మెల్లగా అద్దాల మీద పొరలా కమ్ముతుందనీ, బూజు కూడా పడితే అద్దమే పోతుందనీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “తిప్పితే మళ్లీ అక్కడికే వస్తుందా?” అనడిగింది.

ఆ ప్రశ్న మూటగట్టుకుని హైదరాబాదులో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కోఠీ ప్రాంతంలో ఆయన బల్ల అంతా స్క్రూడ్రైవర్లే. లెన్సుని వాసన చూసి, “ఎవడో కుట్టుమిషను నూనె పోసిండు బాబూ” అన్నాడు. నిజమే. ఎప్పుడో ఒక రిపేరు షాపతను చేసిన వైద్యమట అది. నూనె పోస్తే అప్పటికి తిరుగుతుంది. ఆ తరవాత అది పాకి, లోపలి రేకుల మీద కూర్చుంటుంది!

“బలం పెడితే ఖతం” అన్నాడు మళ్లీ.

సంగతేమిటంటే, రింగు లోపల ఒకదానిలో ఒకటి తిరిగే మరలుంటాయి. అరమీటరు నుంచి అనంతం దాకా ఫోకస్ చెయ్యడానికి ఈ లెన్సు ముందుకీ వెనక్కీ జరిగేది మొత్తం సుమారు 9 మిల్లీమీటర్లు, అంతే. ఆ కాస్త దూరం మెత్తగా జరగడానికే గ్రీజు. ఏళ్లు గడిస్తే అది ఎండి పనసజిగురులా పట్టేస్తుంది. అల్యూమినియం మరలు మొండిగా తిప్పితే ఒకదాన్నొకటి కొరుక్కుని అతుక్కుపోతాయి. ఇక అంతే సంగతులు.

ముందు అద్దాలున్న గొట్టాన్ని విప్పి పక్కన పెట్టాడు. ఈ లెన్సులో అదొక సుఖం, మొత్తం గొట్టం ఒక్కటిగా వచ్చేస్తుంది. రింగుని పట్టుకున్న మూడు చిన్న స్క్రూలు తీశాడు. లైటర్లలో పోసే పెట్రోలు చుక్కచుక్కగా మరల సందుల్లో వేసి, “రేపు రా” అన్నాడు.

మర్నాడు వెళితే మళ్లీ చుక్కలే. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చచేసి వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు. సాయంత్రానికి కదిలింది! అప్పుడు సూదితో గీతలు పెట్టాడు. ఎందుకంటే ఆ మరలకి మొదళ్లు చాలా ఉంటాయి. ఏ చోట విడిపోయాయో గుర్తు పెట్టుకోకుండా బిగిస్తే దూరపు వస్తువు ఎన్నటికీ ఫోకస్‌లోకి రాదు. పెట్రోలూ పళ్లబ్రష్షుతో తోమి, కొత్త గ్రీజు పల్చగా రాశాడు. సైకిలు గ్రీజు కాదు సుమండీ! లెన్సుల కోసం వేరే ఉంటుంది. చివరికి పాత కెమెరాకి తగిలించి, దూరాన ఉన్న మినారు స్పష్టంగా కనబడ్డప్పుడు రింగుని అనంతం గుర్తు దగ్గర పెట్టి మూడు స్క్రూలూ బిగించాడు.

పిన్ని ప్రశ్న ఆయన్నడిగాను. నవ్వలేదాయన. “గీత పెట్టినం కదా, వస్తది” అన్నాడు.

రాజమండ్రి వెళ్లి లెన్సు పిన్ని చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని, రింగు తిప్పి, రెండు మీటర్లకి కాస్త ఇవతల ఆపింది. మళ్లీ తిప్పింది. మళ్లీ ఆపింది. నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఇంకా తిప్పుతూనే ఉంది.

“ఆయనున్నప్పుడు కూడా ఇంత మెత్తగా తిరగలేదురా” అంది.

మెల్లగా షార్ట్ ఫిల్మ్ సంగతి కదిపాను.

“రోజుకి అద్దె ఎంతిస్తాడుట?”