అర అంగుళం కాక్‌పిట్

నాచారంలో ఉండే మా చెల్లెలి కొడుకు ఆరు నెలలుగా ఒక విమాన నమూనాను తయారుచేస్తున్నాడు. పాలిటెక్నిక్ విద్యార్థి. సెలవురోజున ఉప్పల్ మీదుగా బస్సెక్కి అన్నోజిగూడలోని మా ఇంటికి వస్తాడు; పని అంతా నా చదువుగదిలోని బల్లపైనే. వారింట చోటు చాలకపోవడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. “ఇంట్లో బొమ్మలుంటే దైవదూతలు అడుగుపెట్టరంటారు కదా భాయీజాన్, మీరే తేల్చండి” అని మా చెల్లెలు పిల్లవాణ్ణీ, అతని అట్టపెట్టెనూ కలిపి నా దగ్గరికి పంపింది.

ఏళ్ళ తరబడి మదరసాలో ఫిఖహ్ బోధిస్తున్నవాడికి ఇది కష్టమైన ప్రశ్న కాదు. చిత్రాలు గీసి జీవనం సాగించే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) వద్దకు వచ్చినప్పుడు, తప్పనిసరైతే చెట్లనూ ప్రాణంలేని వస్తువులనూ చిత్రించుకోమని ఆయన సలహా ఇచ్చిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. విమానానికి ప్రాణం లేదు. పైగా హజ్రత్ ఆయిషా (ర) ఆటవస్తువుల్లో గుడ్డపేలికల రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేదనీ, గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగితే, సులైమాన్ ప్రవక్త (అ) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె బదులిచ్చారనీ, ఆయన మనసారా నవ్వారనీ అబూదావూద్ నమోదు చేశారు. చెల్లెలికి ఇవన్నీ వివరించాను. ఆమె ఊరుకుంది, సమాధానపడిందని మాత్రం నాకు అనిపించలేదు.

ఆ విమానం పేరు డి.హెచ్. 9ఎ. మొదటి ప్రపంచయుద్ధపు చివరి నెలల్లో బ్రిటిష్ వాయుసేన వాడిన, ఇద్దరు కూర్చునే బాంబరు. ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలు, కర్ర చట్రం, దానిపై బిగించిన గుడ్డ, ముందుభాగంలో 400 అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజను. ఇన్ని విమానాలుండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, ఫోనులో ఒక ఫొటో చూపించాడు. బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో భద్రపరచిన ఎఫ్ 1010 అనే విమానమది. ఇది హైదరాబాద్ నిజాం ప్రభువు సమర్పించినదని దాని పక్కభాగాన ఆంగ్లంలో రాసి ఉంది. దాని కిందనే ‘హైదరాబాద్ నం. 12ఎ’ అన్న గుర్తు.

1918లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు మొదటగా అందిన డి.హెచ్. 9ఎ విమానాలు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక. ప్రతి విమానంపైనా ఆ సంగతి రాశారు. ఆ దళానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అన్న పేరే స్థిరపడింది. 1918 సెప్టెంబరు 14న ఫ్రాన్స్ నుంచి అది తొలి దాడికి బయలుదేరింది. మూడు వారాలు గడిచాక, అక్టోబరు 5న, ఎఫ్ 1010 జర్మనుల చేత చిక్కింది. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. విమానం బెర్లిన్‌లో ప్రదర్శనకు నిలిచి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత పోలండ్‌లో తేలి, చివరకు 1977లో బ్రిటన్ చేరింది. అప్పటికి రెక్కలు పోయాయి. ఇప్పుడున్నవి తిరిగి తయారుచేసినవి.

మా వాడి నమూనాలో 1 అంగుళం అంటే అసలు విమానంలో 4 అడుగులు. అందువల్ల రెక్కల పొడవు 11.5 అంగుళాలకు వచ్చింది. కాక్‌పిట్ నోరు సుమారు అర అంగుళమే. ఆరు నెలల్లో నాలుగు నెలలు ఆ అర అంగుళానికే పోయాయి. మొదట్లో నాకిది వృథా శ్రమ అనిపించింది, దగ్గర కూర్చున్నాక అభిప్రాయం మారింది. పలుచని చెక్కపొరను టీ డికాషన్‌లో నానబెట్టి పరికరాల పలకకు పాతకర్ర రంగు తెచ్చాడు. వేగాన్ని, ఎత్తును, ఇంజను భ్రమణాలను చూపే డయళ్ళు ఒక్కొక్కటి ఆవగింజంత. నల్లరంగు ఆరాక గుండుసూది మొనతో తెల్లని ముల్లు గీసి, పైన ఒక్క చుక్క వార్నిష్ వేస్తే అది అద్దమైంది. మాత్రల పట్టీలోని వెండిరేకు నడుముపట్టీకి బకిల్ అయింది. వెనుక కూర్చునేవాడి తుపాకి తిరిగే వలయానికి పాత చార్జరులోని రాగితీగ.

ఆ రెండు ఆసనాల అమరికలో ఒక కథ ఉంది. దీనికి ముందువచ్చిన డి.హెచ్. 4లో పైలట్‌కూ, వెనుకనున్న అబ్జర్వర్‌కూ నడుమ పెట్రోలు ట్యాంకు ఉండేది. ఆకాశంలో ఒకరి మాట ఒకరికి చేరేది కాదు. తర్వాతి నమూనాలో పైలట్‌ను వెనక్కి జరిపి ఇద్దరినీ దగ్గరచేశారు. 9ఎలోనూ అదే అమరిక. ముందున్నవాడి వీపుకు వెనుకవాడి చేయి అందుతుంది.

కాక్‌పిట్ అంచున తోలు కుట్టాలన్నప్పుడు నా వంతు వచ్చింది. జిల్దు కట్టగా మిగిలిన మేకతోలు ముక్కలు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. అయితే ఆ కొలతకు మన జిల్దు తోలు దుప్పటంత మందం. బ్లేడుతో గీకి గీకి ఉల్లిపొర చేసేసరికి రెండు ఆదివారాలు గడిచాయి.

తరువాత పైలట్ బొమ్మ పెట్టాలా వద్దా అన్నది వచ్చింది. “మామూ, మనిషి లేకపోతే కాక్‌పిట్ బోసిగా ఉంటుంది” అన్నాడు. ప్రాణుల ప్రతిమల విషయంలో మేము చదివిన ధర్మశాస్త్రం ఏమంటుందో చెప్పాను. నిర్ణయం అతనికే వదిలాను. మ్యూజియంలోని అసలు విమానంలోనూ ఎవరూ కూర్చొని లేరు కదా అని తానే తేల్చుకున్నాడు. రెండు ఆసనాలూ ఖాళీగానే ఉన్నాయి. నా మట్టుకు అలాగే బాగుంది; లోపలి పని కళ్ళకు కనబడుతోంది.

చివరకు పక్కభాగాన నిజాం పేరు రాసే పని నాకు అప్పగించాడు. నస్తాలీఖ్‌కు అలవాటైన చేతితో, మిల్లీమీటరు ఎత్తు కూడా లేని ఆంగ్ల అక్షరాలు రాయడానికి సన్నని కుంచె పట్టాను. ఆ ఆదివారం మా చెల్లెలు కూడా వచ్చింది. అద్దం పెట్టుకుని చాలాసేపు చూసింది. “పేరు మనదే, సరే. దీని బాంబులు పడ్డ ఇళ్ళు ఎవరివి భాయీజాన్?” అని అడిగింది.

దీనికి ఇబ్నె అబ్బాస్ (ర) ఉల్లేఖనంలో సమాధానం లేదు. ఆమె మొదటినుంచీ అడగదలచినది ఇదేనని అప్పుడు బోధపడింది. ఆ శరదృతువులో బాంబులు పడినవి జర్మన్ విమానస్థావరాలపైనా, పట్టణాలపైనా. నిజాం ఆ కానుక ఇచ్చింది, ఖలీఫాపై యుద్ధం చేస్తున్న ప్రభుత్వానికి. 1914లో ఉస్మానీ సామ్రాజ్యం యుద్ధంలోకి దిగినప్పుడు బ్రిటిష్‌వారికే విధేయులుగా ఉండండని ఆయన ముస్లింలకు పిలుపునిచ్చారు. 1918లో ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న బిరుదు దక్కింది. అదే 1918లో, నాచారానికి కూతవేటు దూరంలో నేడు తలెత్తి నిలిచిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయన ఫర్మానాతోనే ఏర్పడింది. ఆయనను పొగిడేవారు రెండోది చెప్పి ఆగుతారు, నిందించేవారు మొదటిది చెప్పి ఆగుతారు. పిల్లలకు రెండూ ఒకే పాఠంలో చెప్పాలని నా అభిప్రాయం.

ఇంతటితో అయిపోలేదు. నిజాం పేరున్న విమానాలు ఫ్రాన్స్‌లోనే ఎగిరాయి. కాని అదే రకం విమానాలు 1920 దశకంలో ఇరాఖ్‌లో తెగల గ్రామాలపై బాంబులు వేశాయి. ఎడారిలో దిగవలసివస్తే ఉంటుందని పక్కన అదనపు చక్రం కట్టుకుని తిరిగేవి. 1925 మార్చి నుంచి మే దాకా దక్షిణ వజీరిస్తాన్‌లో మహ్‌సూద్ తెగలపై వాయుసేన ఒంటరిగా జరిపిన దాడుల్లోనూ ఇవి పాల్గొన్నాయి. ఆ చక్రం అందంగా ఉంటుందని మా వాడు తన నమూనాకూ తగిలించదలచాడు. నిజాం పేరూ ఆ చక్రమూ ఒకే విమానంపై ఉండవని చెప్పాను. కాసేపు ఆలోచించి చక్రాన్ని విడిగా ఉంచాడు. పీఠంపై అతికించే కాగితంలో ఫ్రాన్స్‌తో పాటు ఇరాఖ్, వజీరిస్తాన్ పేర్లు కూడా రాయమన్నాడు. తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఇచ్చాను.

రెక్కల నడుమ తీగలు ఇంకా కట్టవలసి ఉంది. ప్రస్తుతం విమానం నా కితాబుల అలమారాలో పై అరన ఉంది. నాచారం తీసుకువెళ్ళడానికి మా చెల్లెలు ఇంకా సరేననలేదు. నేనూ తొందరపెట్టడం లేదు.