పందొమ్మిది రోజులు, ఒక లైసెన్సు

తుపాకీ గురించి స్త్రీవాద పత్రికలో రాయడం కొందరికి ఎబ్బెట్టుగా ఉండొచ్చు. నాకూ తుపాకుల మీద మోజు లేదు. ఆడవాళ్ళ భద్రతకి తుపాకీ జవాబని నేనెప్పుడూ నమ్మలేదు. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అనే రివాల్వర్‌ని ఆడవాళ్ళ కోసమంటూ లక్ష రూపాయలు దాటిన ధరకి తెచ్చినప్పుడు, మన భయాన్ని ఇలా కూడా అమ్ముకోవచ్చా అని కోపం వచ్చింది. హింస ఇంట్లోనే ఉన్నప్పుడు బీరువాలోని తుపాకీ ఎవరి చేతికి ముందు అందుతుందో మనకి తెలియనిదేం కాదు. అయినా నా పేరు మీద ఒక లైసెన్సు ఉంది. అది పోయి మళ్ళీ రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ నేను పోట్లాడింది పిస్టల్ కోసం కాదు, ఒక మాటతో.

నాది ఆటకి వాడే పిస్టల్. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, 2002 జాతీయ క్రీడలప్పుడు వచ్చిన షూటింగ్ రేంజ్ ఉంది. మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సహోద్యోగి వెంట సరదాగా వెళ్ళి అక్కడే ఉండిపోయాను. కొన్నేళ్ళకి ఇరవై అయిదు మీటర్ల పోటీలకి వాడే పాయింట్ టూ టూ పిస్టల్ కొనుక్కున్నాను. దానికి లైసెన్సు తప్పనిసరి. రోజంతా స్క్రీన్ ముందు నలుగురి డెడ్‌లైన్లు మోసే మనిషికి, ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క మీద చూపు నిలిపే ఆ గంట ఎంత సొంతమో చెప్పలేను. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ నాదంటూ వేరే గంట లేదు.

2021లో నాకు జబ్బు చేసింది. అప్పటికి పాప పుట్టి ఏడు నెలలు. నిద్ర పోయింది, తిండి పోయింది, బతకాలన్న కోరిక పోయింది. నా భర్త ఒక ప్రైవేటు మానసిక ఆసుపత్రిలో చేర్పించాడు. నేను వద్దన్నాను. అయినా పందొమ్మిది రోజులు ఉంచారు. అదే వారంలో పిస్టల్‌ని పోలీస్ స్టేషన్‌లో జమ చేశారు.

ఇక్కడో సంగతి సూటిగా చెప్పాలి. నిక్షేపంలా ఉన్న భార్యకి పిచ్చి అని ముద్ర వేసి బంధించిన కథలు మనం ఎన్నో చదివాం, రాశాం. అవి నిజాలే. నాది ఆ కథ కాదు. నాకు నిజంగానే జబ్బు చేసింది, మందులతో తగ్గింది. ఆ రోజుల్లో పిస్టల్ ఇంట్లో లేకపోవడం మంచిదే అయింది. ‘నాకసలు ఏమీ కాలేదు’ అని వాదించి ఉంటే నా పని సులువయ్యేదేమో. కానీ అలా వాదిస్తే, జబ్బు చేసిన ఆడదానికి హక్కులుండవని నేనే ఒప్పుకున్నట్టు.

నా పేచీ తర్వాత జరిగినదానితో. నేనింకా ఆసుపత్రిలో ఉండగానే ఆయన లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికి ఉత్తరం రాశాడు, ‘నా భార్యకి మతిస్థిమితం లేదు’ అని. ఆసుపత్రి కాగితాల నకళ్ళు జతచేశాడు. లైసెన్సు సస్పెండయింది. కొన్నాళ్ళకి అవే నకళ్ళు విడాకుల పిటిషన్‌లో కనిపించాయి. ఆ తర్వాత పాప కస్టడీ పిటిషన్‌లో. పందొమ్మిది రోజుల జబ్బు మూడు ఫైళ్ళలో కాపురం పెట్టింది.

1959 ఆయుధాల చట్టం ప్రకారం మతిస్థిమితం లేనివాళ్ళు ఆయుధం ఉంచుకోకూడదు. లైసెన్సు నిరాకరించడానికీ, రద్దు చేయడానికీ అదొక కారణం. 2016 నియమాలు దరఖాస్తుతో పాటు మానసిక ఆరోగ్యం గురించి డాక్టరు సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. కానీ మతిస్థిమితం లేకపోవడమంటే ఏమిటో ఆ చట్టం నిర్వచించలేదు. హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాల్లోనూ అదే మాట ఉంది. 2019లో పార్లమెంటు కుష్టువ్యాధిని ఆ జాబితాలోంచి తీసేసింది, దీన్ని ఉంచేసింది. చిత్రమేమిటంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం వీటికంటే నయం. మామూలుగా మతిస్థిమితం లేని మనిషైనా, అది ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చని దాని 12వ సెక్షన్ అంటుంది. మనసు కాలంతో మారుతుందన్న సంగతి ఆ వ్యాపార చట్టానికి తెలుసు. పెళ్ళి చట్టంలో మాత్రం ఒకసారి వచ్చిన జబ్బు మనిషి స్వభావమైపోతుంది.

నాకు ఊతమిచ్చింది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. దాని 3వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది. గతంలో ఆసుపత్రిలో ఉన్నంత మాత్రాన ఇప్పుడు జబ్బుందని తేల్చకూడదు. మానసిక అనారోగ్యం ఉందని తేలినా, తగిన కోర్టు ప్రకటించనిదే మతిస్థిమితం లేదని అర్థం తీయకూడదు. ఈ రెండు వాక్యాల వెనక ఎంతమంది శ్రమ ఉందో మనం మరిచిపోకూడదు. ‘మెంటల్ హెల్త్ ఆఫ్ ఇండియన్ విమెన్’ని భార్గవి దవర్ 1999లో రాసింది. మన నగరంలోనే నల్సార్‌లో పనిచేసిన అమితా ధండా, మానసిక రోగుల చట్టపరమైన హోదా మీద 2000లో పుస్తకం తెచ్చింది. ఆ పుస్తకాలు సిద్ధాంతం కోసమని చదివిన నేను, అర్జీ రాయడానికి మళ్ళీ తెరిచాను.

అర్జీ విచారణకి వచ్చిన రోజు ఆ అధికారి మర్యాదగానే మాట్లాడాడు. డాక్టరు సర్టిఫికెట్ చూశాడు, 3వ సెక్షన్ చదివాడు. చివర్లో అడిగాడు, “మీవారు ఒప్పుకుంటున్నారా అమ్మా?” ఆ ఒప్పుకోలు ఏ సెక్షన్ కింద కావాలో రాసివ్వమన్నాను. రాసివ్వలేదు. చాలా నెలల తర్వాత సస్పెన్షన్ ఎత్తేస్తున్నట్టు ఒక వాక్యం వచ్చింది. ఆ వాక్యం నకలుని నేను కస్టడీ కేసులో దాఖలు చేశాను. పాప ఇప్పుడు నా దగ్గరే ఉంది.

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు ఇదంతా విని, అక్కడా ఇదే గొడవ అంది. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం నిర్బంధంగా మానసిక చికిత్సకి పంపబడ్డవాళ్ళు తుపాకీ హక్కు కోల్పోతారు. 2007 వర్జీనియా టెక్ కాల్పుల తర్వాత వచ్చిన చట్టం, ఆ హక్కు తిరిగిచ్చే పద్ధతులు పెట్టుకోమని రాష్ట్రాలకి చెప్పింది. భార్య వెళ్ళిపోయిన దిగులుతో నెలరోజుల లోపు ఆసుపత్రిలో ఉన్న ఒక మిషిగన్ మనిషి, ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా నిషేధమేమిటని వాదిస్తే, 2016లో అప్పీలు కోర్టు అతని వాదనని విన్నది. అక్కడ తుపాకీ రాజ్యాంగ హక్కు. ఇక్కడ ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే, అలా ఉండడమే మంచిదని నా అభిప్రాయం. నేనడిగింది తుపాకీ హక్కు కాదు. నా మనసు గురించి చివరి మాట నా భర్తది కాదని రాసివ్వమన్నాను.

మా ఐటీ కారిడార్‌లో ‘బర్నవుట్’ అని చెప్పుకుంటే సానుభూతి దొరుకుతుంది. ఆసుపత్రిలో చేరానంటే క్యాంటీన్ టేబుల్ ఖాళీ అవుతుంది. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డ వస్తుంది. అంత దగ్గర. అయినా ఆ ఊరి పేరు మనకింకా తిట్టే.

చివరగా, అందరం చేయగలిగిన పని ఒకటుంది. 2017 చట్టం 89వ సెక్షన్ కింద మన ఇష్టం లేకుండా ముప్ఫై రోజుల దాకా ఆసుపత్రిలో ఉంచవచ్చు. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. చేరింది స్త్రీ అయితే మూడు రోజుల్లో రివ్యూ బోర్డుకి తెలియజేయాలి. ఆ చేర్పుకి దరఖాస్తు చేసేది మన ‘నామినేటెడ్ ప్రతినిధి’. మనం ఎవరినీ ఎంచుకోకపోతే ఆ స్థానం బంధువుకి పోతుంది. పెళ్ళయినవాళ్ళకి బంధువంటే ముందుగా ఎవరో చెప్పక్కర్లేదు. కానీ 14వ సెక్షన్ ప్రకారం ఆ ప్రతినిధిని మనమే ఎంచుకోవచ్చు. దానికి స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు.

నేను నా స్నేహితురాలి పేరు రాశాను. ఆ పందొమ్మిది రోజులూ నాతో మాట్లాడనివ్వమని ఆసుపత్రి గేటు దగ్గర కూర్చున్న మనిషి ఆమె. కాగితం చదివి సంతకం చేసి, తన బ్యాగులోంచి ఇంకో తెల్లకాగితం తీసింది. అందులో నా పేరు రాసింది.