మా యింటి పనుల పుస్తకము

గృహమును గూర్చి వ్రాయుట సులభమని పలువురు తలంతురు. రాజుల చరిత్రములు వ్రాయవలెనన్న గ్రంథములు చదువవలెను. ఇల్లన్ననో ప్రతిదినమును కన్నులయెదుటనే యున్నది గదా! అయినను కన్నులయెదుట నున్నదానినే మనము తఱచుగ చూడకుందుము. మనము నిద్ర లేచునప్పటికి వాకిలి యూడ్వబడి యుండును. బడికి పోవునప్పటికి ఉతికిన చొక్కా సిద్ధముగ నుండును. ఇవి యెవరు చేసిరి, ఎంతసేపు చేసిరి అని యడుగువా రరుదు. కావున మా యింటి తోట, బట్టలు, తలవెండ్రుకల పోషణము, వ్రాత అను నాలుగు విషయములను గూర్చియు, కడపటిదగు వ్రాతవలన తక్కిన మూటికిని కలిగిన గౌరవమును గూర్చియు ఈ సంచికలో విన్నవింప దలచితిమి.

మా యిల్లు జోగిపేటలో నున్నది. ఈ యూరు 2016వ సంవత్సరము వఱకు మెదకు జిల్లాలో నుండి, పిమ్మట సంగారెడ్డి జిల్లాలో చేరినది. మా బాపు పటాన్‌చెరులో నొక కర్మాగారమున పనిచేయుచు, అచ్చటనే చిన్నగది యద్దెకు తీసికొని, వారమున కొకసారి యింటికి వచ్చుచుందురు. ఇంట నాయనమ్మ, అమ్మ, అక్క ఉందురు. తక్కిన మేము మువ్వురము, అనగా అన్నదమ్ము లిద్దఱము, చెల్లె లొకతె, ఈ పాఠశాల విద్యార్థులము.

మొదట తోటను గూర్చి చెప్పెదము. ఇంటివెనుక పెరడు చిన్నది. అందు పుంటికూర, బచ్చలి మళ్ళును, ఒక కరివేపచెట్టును, మందారమును, పందిరిమీద బీర, చిక్కుడు తీగలును గలవు. బట్టలుతుకు బండనుండి నీరు పాఱు కాలువ చివరను రెండు అరటి చెట్లు, కొంత చేమ పెరుగుచున్నవి. వేసవిలో నీటికి ఎద్దడి గలుగును గనుక మా యింట ఏ బిందెడు నీళ్ళును ఒక్క పనితో తీఱిపోవు. బియ్యము కడిగిన నీళ్ళు కరివేపకును, కూరలు కడిగిన నీళ్ళు బచ్చలికిని, బట్టలు జాడించిన నీళ్ళు అరటికిని పోవును. సబ్బు గాఢముగ నున్న మొదటి నీళ్ళను మాత్రము ఆకుకూరల మళ్ళలోనికి రానీయము. అవి నేలను చెఱచును.

తోటపని చేతితో చేయునది యని తలంచెదరు గాని అది కంటితో చేయునది. బీరపూవు సాయంకాలమున విచ్చును. మగపూలు గుత్తులుగ పూయును. ఆడుపూవు ఒంటిగ పూచి, దాని క్రింద పుట్టుకతోనే చిన్న పిందె యుండును. తేనెటీగలు, పురుగులు రాని దినములలో మగపూవును తెంపి ఆడుపూవునకు తాకించినగాని ఆ పిందె నిలువదు, పసుపుబాఱి రాలిపోవును. చిక్కుడు సంగతి వేఱు. వానకాలమున విత్తినను మా పాతవిత్తనపు చిక్కుడు, పగటికాలము కుఱచయగు చలిదినములు వచ్చువఱకు పూయదు. ఆకులు మాత్రమే పెంచుచున్న తీగను చూచి, ఇది గొడ్డుదని పెఱికివేయబోయిన వారిని మా నాయనమ్మ పెక్కుమార్లు వారించినది. తొందరపడువానికి చిక్కుడు లేదని యామె మాట.

బట్టల విషయము. పాఠశాలకు తొడుగుకొను దుస్తులు మాకు తలకు రెండేసి జతలు గలవు. ఒకటి ఒంటిమీద నున్నప్పుడు రెండవది దండెముమీద నుండవలెను. తెల్లచొక్కా మెడపట్టీకి ముందుగ సబ్బు రాచి కొంతసేపు నాననిచ్చి, తరువాత ఉతికిన మడ్డి సులభముగ వదలును. బండకేసి బాదిన గుండీలు పగులుటయే లాభము. కడపటి నీళ్ళలో నీలిమందు నాలుగు చుక్కలు కలుపుదుము. తెల్లనివి యెండలోను, రంగువి లోపలివైపు పైకి త్రిప్పి నీడలోను ఆరవేయవలెను. పండుగ దినములకు నూలుబట్టలకు పలుచని గంజి పెట్టుదుము. చినిగిన దానిని చినిగిన దినముననే కుట్టవలెనని అమ్మ నియమము. రేపటికి ఆ చినుగు రెండింతలగును. మాసిక వేయుటకును పనికిరాని పాతచీరెలు నాయనమ్మ చేతిలో బొంతలగును. చలికాలమున మేము కప్పుకొను బొంతలో మా మేనత్తల చీరెలు, అమ్మ పెండ్లినాటి రవికగుడ్డ గుర్తుపట్టవచ్చును. ఒక్క సిద్దిపేట గొల్లభామ చీరెను మాత్రము నాయనమ్మ కత్తెరకు ఇయ్యలేదు. తలమీద కుండ పెట్టుకొని నడచు గొల్లభామల బొమ్మలు మగ్గముమీదనే నేతలో దించిన ఆ చీరె పెట్టె యడుగున మడతలో నున్నది.

ఇక తలవెండ్రుకలు. ఆదివారము తలంటు. కుంకుడుకాయలను కొట్టి, గింజలు తీసివేసి, వేడినీళ్ళలో నానబెట్టి పిసికిన నురుగు వచ్చును. కంటిలో పడకుండ తలవంచి కన్నులు మూసికొనవలెను. ఈ చిన్నసంగతి తెలియక ఏడ్చిన పిల్లలు ప్రతి యింటను గలరు. నూనె మా యింటనే కాచుదుము. గట్లమీద, తేమనేలలో మొలచు గుంటగలగర ఆకును, మందారాకును నూఱి, కొబ్బరినూనెలో వేసి సన్నని సెగపై నుంచవలెను. ఆకులోని నీరు ఉన్నంతవఱకు నూనె చిటపట లాడును. ఆ చప్పుడు పూర్తిగ నిలిచినప్పుడే దించవలెను. తేమ మిగిలినయెడల నూనె ముక్కవాసన పట్టును. పేలను గూర్చి వ్రాయుటకు సిగ్గుపడ నక్కఱలేదు. అవి తలకు తల తగులుటవలన వచ్చును గాని, మురికివారికే వచ్చునను మాట నిజము గాదు. ఈరు పేనగుటకు వారము మొదలు పదిదినముల వఱకు పట్టును గనుక ఒక్కసారి దువ్వి యూరకుండిన ప్రయోజనము లేదు. మూడునాలుగు దినముల కొకసారి చొప్పున, రెండుమూడు వారములు, తడితలను పేలదువ్వెనతో పాయపాయగ దువ్వవలెను. ఈ పని మా యింట అక్కది. ప్రొద్దున చెల్లెలికి జడలు వేయుటయు, నాయనమ్మకు ముడి వేయుటయు అక్కదే.

ఇవన్నియు చిన్నపనులని తోచవచ్చును. మాకును అట్లే తోచియుండెడిది. అయితే అక్క ఇంటర్మీడియేటు ముగించిన యేట ఇంటిలో నొక పెద్ద ప్రశ్న పుట్టినది. సంగారెడ్డిలో నర్సింగు చదువుటకు అక్కకు అవకాశము వచ్చినది, హాస్టలులో నుండవలెను. అక్కకు పోవలెనని యుండెను. నాయనమ్మ వలదనెను. కోడలొక్కతె ఈ యింటి నెట్లు ఈడ్చుకొనివచ్చును, నేను కూర్చుండి తినుదానను, నావలన నేమి యగును అని యామె వాదము. అమ్మ ఒకమాటయు పలుకలేదు. అక్కయు పలుకలేదు గాని, ఆ రాత్రి దీపమార్పిన తరువాత ఆమె నిదురింపలేదని చెల్లెలు మాకు చెప్పెను.

బాపు వచ్చిన దినమున అందఱి మాటలును విని, మా నోటుపుస్తకములలో వ్రాయని దాని నొకదానిని తెప్పించి, గీతలు గీచి, ఈ నెల దినములు ఎవరు ఏ పని యెంతసేపు చేసిరో ఇందు వ్రాయుడు. తరువాత మాటాడుదము అనిరి. అంతకుమించి తీర్పేమియు చెప్పలేదు.

అందఱమును వ్రాసితిమి. నాయనమ్మకు వ్రాత రాదు గనుక ఆమె చెప్పగ చెల్లెలు వ్రాసెడిది. మొదటిదినమున నేనేమియు చేయలేదని వ్రాయుమనెను. చెల్లెలు విడువక, బియ్యములో రాళ్ళు ఏరితివి గదా, పుంటికూర గిల్లితివి గదా, చిక్కుళ్ళు ఒలిచితివి గదా, బొంత కుట్టితివి గదా యని యడిగి యడిగి గంటలు వేసెను. బాపు కూడ పటాన్‌చెరు గదిలో తాము వండుకొన్నదియు, బట్టలుతుకుకొన్నదియు ఒక చీటీమీద వ్రాసికొని తెచ్చిరి. వారు అచ్చట స్వయముగ ఉతుకుకొందురని ఆ చీటీ చూచువఱకు మేమెవరము తలంచి యుండలేదు.

నెల యగునప్పటికి లెక్క తేలినది. దినమునకు అమ్మవి తొమ్మిది గంటలు, కూర్చుండి తినుదానన నిన నాయనమ్మవి ఐదు గంటలు, అక్కవి నాలుగు గంటలు, బాపువి గంటన్నర, మా మువ్వురివి కలిపి రెండు గంటలు. చెల్లెలు చదువుచుండగ నాయనమ్మ తన వరుసను రెండవసారి చదువుమనెను. ఇవన్నియు నేనే చేసితినా యని యడిగెను. తన జీవితమున తన పని కాగితముమీద నుండుట ఆమె వినుట అదే మొదలు.

ఇది మా యింటి వింత గాదు. 2019వ సంవత్సరమున భారత ప్రభుత్వపు గణాంక శాఖవారు దేశమంతట కాలవినియోగమును విచారించిరి. జీతములేని యింటిపనులలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నారని ఆ లెక్కలో తేలినది. వ్రాసినప్పుడు గదా ఈ సంగతి సంఖ్యయై నిలిచినది!

వ్రాయబడనిది లేనిదానితో సమానమగుట మన ప్రాంతమువారికి క్రొత్త గాదు. తెలంగాణమున తెలుగు కవులు లేరను మాట యొకప్పుడు పుట్టగ, గోలకొండ పత్రిక నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారు వాదములతో తృప్తినొందక, ఊరూర కవుల పద్యములు తెప్పించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రకటించిరి. ఆ ప్రతాపరెడ్డిగారే 1930లో మా జోగిపేటలో జరిగిన నిజాంరాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షులు. ఆ సమయముననే ఇచ్చట తెలుగు స్త్రీల సభయు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను జరిగినది. ఆ సభ జరిగిన యూరిలో, తొంబది యేండ్లు దాటిన పిమ్మటను, ఒక బాలిక చదువు ఇంటిపనుల యెదుట ఆగి నిలుచుట తగునా?

లెక్క చేతిలో నున్నందున మాట తేలికయైనది. అక్క పోయిన నాలుగు గంటల పని మిగులును. అందు అక్క సొంత బట్టలకు, జడకు పట్టునది తీసివేయగ మూడు గంటలు. మేము మువ్వురము తలకొక గంట తీసికొంటిమి. పంచిపెట్టినది నాయనమ్మయే. పెద్దవానికి ఉతుకుడు, చిన్నవానికి నీళ్ళు, తోట, చెల్లెలికి నూనె, దువ్వెన. మగపిల్లలు బట్టలుతుకుటయా యని పొరుగువా రొకరు నవ్వగ, వాని తండ్రి ఉతుకుకొనుచున్నాడని నాయనమ్మయే బదులు చెప్పెను.

అక్క సంగారెడ్డికి పోయెను. పోవునాడు నాయనమ్మ పెట్టె తెఱచి గొల్లభామ చీరెను తీసి, పెట్టుబడి గాదు, కప్పుకొనుటకు అని చేతిలో పెట్టెను. ఇల్లు ఇప్పుడు మునుపటివలె లేదు. చెల్లెలి జడలు కొంచెము వంకరగ నున్నవి. అమ్మకు సాయంకాలములందు మాటతోడు తగ్గినది. నాయనమ్మ బస్సుల వేళలు కంఠస్థము చేసినది. పనుల పుస్తకము మాత్రము ఆగలేదు. నెల కాదు, ఏడాది దాటినది. మొదటి బీరపూవు విచ్చిన దినము, నీరు రాని దినములు, నూనె కాచిన కొలతలు, బొంతకు పట్టిన చీరెలు అందు చేరుచున్నవి. అక్షరములు దిద్దుకొనుచున్న నాయనమ్మ తన పేరు తానే వ్రాయుచున్నది.

తోడి విద్యార్థులారా! వ్యాసము వ్రాయుమనిన మనము హిమాలయములను, సముద్రములను వెదకుదుము. ఒక నెల దినములు మీ యింటి పనులను వ్రాసి చూడుడు. ఒక పుస్తకము, ఒక కలము చాలును. చదివి వినిపించునప్పుడు, వ్రాత రానివారి వరుసను రెండుసార్లు చదువుడు.