సత్తెనపల్లిలో ఐదు ఆల్బమ్‌లు, ఒక క్యాసెట్

నా దగ్గర ఒక నల్ల టీషర్టు ఉంది. మధ్యలో త్రికోణం. దాంట్లోకి ఒక తెల్ల గీత వెళ్లి, అవతల రంగురంగులుగా బయటికొస్తుంది. పదో తరగతి ఫిజిక్స్ బొమ్మలా ఉందని ముచ్చటపడి కొన్నా. ఒకరోజు ఆఫీసులో టీమ్ లంచ్‌కి అదేసుకుని వెళ్తే, ఒకాయన మొహం వెలిగిపోయింది. "ఓ, పింక్ ఫ్లాయిడ్! ఆ ఆల్బమ్‌లో నీకే పాట ఇష్టం?" అన్నాడు.

"అన్నీ" అన్నాను. అప్పటికి అందులో ఒక్కటీ వినలేదు.

ఆ అబద్ధం చాలా రోజులు గుచ్చుతూనే ఉంది. నాకు సంగీతం తెలియదు. బస్సులో, జిమ్‌లో, కోడ్ రాస్తూ ఏదొస్తే అది వినే రకం. ఇంగ్లిష్ పాటలైతే సగం మాటలు అర్థం కావు. కానీ నేను క్యాసెట్ల షాపాయన కొడుకుని. సత్తెనపల్లిలో మా నాన్నకి రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఆయన కొడుకు వినని ఆల్బమ్‌ని ఇష్టమని చెప్పాడంటే నవ్వేవాడు.

మొన్న ఫిబ్రవరిలో నాన్న సంవత్సరీకానికి నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి బయల్దేరా. ఫోన్‌లో ఐదు పాత ఆల్బమ్‌లు ఎక్కించుకున్నా. రూల్ ఒకటే: మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినాలి. స్కిప్ లేదు, షఫుల్ లేదు. నచ్చకపోతే నచ్చలేదని ఒప్పుకోవాలి.

రైల్లో మైకేల్ జాక్సన్

లింగంపల్లిలో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కా. నల్గొండ, మిర్యాలగూడ దాటాక విష్ణుపురం దగ్గర రైలు కృష్ణ దాటుతుంది. అవతలి ఒడ్డు మాది. సిమెంటు ఫ్యాక్టరీలు, ఆ తర్వాత పిడుగురాళ్ల సున్నపు బట్టీలు. ఆ తెల్లటి దుమ్ము కనబడితే ఇల్లు దగ్గరికొచ్చినట్టే.

వంతెన మీదుండగా 'థ్రిల్లర్' మొదలుపెట్టా. 1982లో వచ్చిన ఆల్బమ్, తొమ్మిది పాటలు. టైటిల్ పాట రాగానే నాకొచ్చిన మొదటి ఆలోచన చెబితే మీరు నవ్వుతారు: "అరె, ఇది మన గోలీమార్!" చిరంజీవి 'దొంగ' 1985లో వచ్చింది. చక్రవర్తి సంగీతం. సమాధుల్లోంచి లేచి వచ్చే ఆ డ్యాన్సు టీవీలో చూస్తూ పెరిగినవాణ్ని. నా చెవికి అసలు అదే, జాక్సన్‌దే కాపీ! ఆ భ్రమ వదలడానికి రెండు స్టేషన్లు పట్టింది.

'బిల్లీ జీన్' మొదట్లో ఆ డ్రమ్ము, వెనకే నడిచొచ్చే బేస్... కాలు దానంతట అదే ఆడింది. ఎదురు సీటు పెద్దాయన నా చెప్పు వంక చూశాడు. పాల్ మెకార్ట్నీతో కలిసి పాడిన పాట మాత్రం నాకు ఎక్కలేదు. ఒకే అమ్మాయి కోసం ఇద్దరు హీరోలు మర్యాదగా వాదించుకున్నట్టుంది. నాకు నచ్చలేదు. చూశారా, చెప్పేశా.

డాబా మీద బీటిల్స్

మర్నాడు పొద్దున్నే డాబా ఎక్కి బ్లూటూత్ స్పీకర్‌లో 'అబీ రోడ్' పెట్టా. 1969 సెప్టెంబరులో వచ్చింది. ఆ నలుగురూ రోడ్డు దాటుతున్న ఫొటో మీరూ చూసే ఉంటారు.

అందులో దాదాపు ఎనిమిది నిమిషాల పాటొకటి ఉంది. చివర్లో ఒకే బాణీ తిరిగి తిరిగి వస్తుంది, గాలి హోరు పెరుగుతుంది, పెరుగుతుంది... టక్కున ఆగిపోతుంది. ముగింపు లేదు, కత్తిరించేసినట్టు. "కరెంటు పోయిందిరా?" అని కింద నుంచి అమ్మ అరిచింది. నేనూ అదే అనుకున్నా. స్పీకర్‌కి కరెంటుతో పనిలేదని గుర్తు రావడానికి ఒక క్షణం పట్టింది.

కావాలనే అలా కోశారట. ఎల్పీలో మొదటి పక్క అక్కడితో అయిపోతుంది. లేచి రికార్డు తిప్పి పెడితే రెండో పక్క మొదటి పాట జార్జ్ హారిసన్‌ది, ఎండ వస్తోందని మురిసిపోయే పాట. మధ్యలో ఆ లేవడం, తిప్పడం, ఆ నిశ్శబ్దం కూడా ఆల్బమ్‌లో భాగమే. ఫోన్‌లో అది లేదు.

నాన్న ఉంటే కత్తిరించిన పాట చూసి గొడవపడేవాడు. అరవై నిమిషాల క్యాసెట్‌లో పక్కకి ముప్పై. కస్టమరు రాసిచ్చిన చీటీ ప్రకారం పాటలు ఎక్కించాక చివర్లో రెండు నిమిషాలు మిగిలేవి. దానికి సరిపడా చిన్న పాటో, పద్యమో వెతికి అతికించేవాడు. "పాట మధ్యలో తెగితే మనిషి మళ్లీ రాడురా" అనేవాడు. 'అబీ రోడ్' చివర్లో చిన్న చిన్న పాటలన్నీ ఒకదానికొకటి కుట్టినట్టు వస్తాయి. అవి వింటుంటే, నాన్న చెవి దగ్గర స్పీకరు పెట్టుకుని పాజ్ బటన్ నొక్కడం కనబడింది.

మిరప కల్లంలో నాటకం

సాయంత్రం బండి మీద మా పొలం వైపు వెళ్లా. ఫిబ్రవరిలో మా వైపు కల్లాలన్నీ ఎర్రగా ఉంటాయి. మిరపకాయలు ఆరబోసి రాత్రిళ్లు కాపలా పడుకుంటారు. కొత్తవాళ్లు దగ్గుతారు, మేం దగ్గనట్టు నటిస్తాం.

కల్లం దగ్గర కూర్చుని క్వీన్ వాళ్ల 'ఎ నైట్ ఎట్ ది ఒపేరా' పెట్టా. 1975. సగం ఆల్బమ్ దాకా ఏం వింటున్నానో తెలియలేదు. ఒక పాట కోపంగా, ఒకటి సర్కస్‌లా, ఇంకొకటి మెత్తగా. 'బొహీమియన్ రాప్సడీ' వచ్చింది. దాదాపు ఆరు నిమిషాలు. పల్లవి లేదు, చరణం లేదు. ఒక సీను ఏడుపు, ఒక సీను వాదన, తర్వాత యుద్ధం, తర్వాత ప్రశాంతం.

కాపలా ఉన్న తాత చెవి ఇటేసి విన్నాడు. "ఏందబ్బాయ్, ఇంగ్లీషు నాటకమా?" అన్నాడు.

అంతకంటే మంచి రివ్యూ నేను రాయలేను. ఆయన ఫోన్‌లో రోజూ మోగేది హరిశ్చంద్ర కాటిసీను. అందులో జాషువా 'శ్మశానవాటి' పద్యాలుంటాయి. జాషువాది మా పక్క వినుకొండ. పద్యం అయ్యాక రాగం అలా పైకి లాగుతుంటే ఊపిరి బిగబట్టి వినేవాళ్లకి, ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు కొత్తేమీ కాదు. జాంజిబార్‌లో పుట్టిన పార్శీ కుర్రాడు, పాంచ్‌గని బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నాడని చెప్పా. "ఐతే మనోడే" అన్నాడు తాత, తీర్పిచ్చినట్టు.

ఆ రాత్రి టీషర్టు ఆల్బమ్

సంవత్సరీకానికి ముందు రాత్రి నిద్ర పట్టలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ డాబా ఎక్కా. 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. 1973 మార్చి. మొత్తం నలభై మూడు నిమిషాలు.

గుండె చప్పుడుతో మొదలైంది. తర్వాత ఒక పాట ముందు గడియారాలన్నీ ఒకేసారి గొల్లున మోగాయి. నిజంగా భయపడి ఇయర్‌ఫోన్స్ లాగేశా. కొంత భాగం నాకు బోరు కొట్టింది, దాచను. సింథసైజర్ పరుగులు, అడుగుల చప్పుళ్లు... ఎవరో కొత్త మిషను చూపిస్తున్నట్టుంది.

అప్పుడొచ్చింది ఆ పాట, 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై'. పియానో మెల్లగా నడుస్తుంటే ఒక ఆడగొంతు లేస్తుంది. ఆమె పేరు క్లేర్ టోరీ. పాడేదాంట్లో ఒక్క మాట లేదు. అరుపు, జాలి, అలసట, మళ్లీ అరుపు. చావు గురించిన పాట అని తర్వాత చదివా. చదవక్కర్లేదు. ఏడాది క్రితం మా వాకిట్లో మేనత్త ఏడ్చింది అలాగే. మొదట నాన్న చిన్నప్పటి సంగతులు చెబుతూ రాగం తీసి ఏడ్చింది. కాసేపటికి మాటలు అయిపోయి రాగం ఒక్కటే మిగిలింది. ఇంగ్లిష్ సరిగా అర్థం కాదని ఇన్నేళ్లు సిగ్గుపడ్డవాడికి, ఆ ఆల్బమ్‌లో పూర్తిగా అర్థమైంది మాటల్లేని ఆ పాటే.

అది అయిపోగానే తర్వాతి పాట ఏంటో తెలుసా? డబ్బు గురించి. గల్లాపెట్టె తెరుచుకునే చప్పుడు, చిల్లర మోత. వరసలో ఆ రెంటినీ పక్కపక్కన పెట్టినవాళ్లు చావు జరిగిన ఇల్లు చూసే ఉంటారు. మా ఇంట్లోనూ ఏడుపు ఆగిన మర్నాడే పుస్తకం తీసి లెక్కలు రాశాం. టెంటు ఎంత, బండి ఎంత, ఎవరికెంత ఇవ్వాలి.

పంక్తిలో 'రూమర్స్'

సంవత్సరీకం రోజు ఇల్లంతా చుట్టాలు. పెదనాన్న, బాబాయి పొలం గట్టు గొడవతో ఆరేళ్లుగా మాట్లాడుకోరు. ఇద్దరూ వచ్చారు. పక్కపక్క విస్తళ్లలో కూర్చున్నారు. "మీ బాబాయికి పెరుగు కావాలేమో అడుగు" అన్నాడు పెదనాన్న, అడుగు దూరంలో ఉన్న తమ్ముణ్ని చూడకుండా నాతో.

భోజనాలయ్యాక ఫ్లీట్‌వుడ్ మాక్ 'రూమర్స్' విన్నా. 1977. ఆ బ్యాండ్‌లో ఒక జంట విడాకులు తీసుకుంటోంది, ఇంకో జంట విడిపోతోంది. ఒకరి మీద ఒకరు పాటలు రాసుకున్నారు. ఎవరి మీద రాశారో వాళ్లే పక్కన నిలబడి ఆ పాటకి వాయించారు. ఐదుగురి పేరూ పడ్డ పాట 'ది చెయిన్' ఒక్కటే. మిగతావాళ్లకి ఇది వింత కథేమో గానీ మాకు కాదు. నాన్న పాడె మోసినప్పుడు ముందు కుడివైపు పెదనాన్న, ఎడమవైపు బాబాయి. అడుగు తప్పలేదు. ఐదింట్లో మళ్లీ మళ్లీ వినేది ఈ ఆల్బమే అవుతుందనుకుంటా. హాయిగా ఉంది, లోపల మంట ఉంది.

ఆరోది

నాలుగో రోజు మధ్యాహ్నం. సాయంత్రం బయల్దేరాలి. అటక మీద నాన్న షాపు సామాను అట్టపెట్టెల్లో ఉంది. క్యాసెట్లు పోయాక షాపు బోర్డు మీద "మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును" అని రాయించాడు. ఫోన్లలో నెట్ చవకయ్యాక అదీ పోయింది. పెట్టె అడుగున ఆ క్యాసెట్ దొరికింది. ఘంటసాల భగవద్గీత.

ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయారు. ఆయన పాడిన గీత రికార్డు ఆ తర్వాతే బయటికొచ్చింది. లెక్క చూస్తే పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌కీ దానికీ పెద్ద తేడా లేదు. అదీ కాలం గురించి, చావు గురించే.

నాన్న రోజూ షాపు తెరిచి, అగరొత్తి వెలిగించి ఇదే పెట్టేవాడు. పది నిమిషాలు మోగేది. మొదటి కస్టమరు రాగానే తీసేసి కొత్త సినిమా పాటలు. నాకది వ్యాపారం మొదలయ్యే పాట. ఊరికి మాత్రం వేరు. ఎవరన్నా పోతే మోగేది అదే కాబట్టి, మామూలు రోజుల్లో ఇంట్లో పెట్టడానికి జంకుతారు. నాన్న వెళ్లిన వైకుంఠ రథంలోనూ అదే మోగింది. మా ఇంటి నుంచి శ్మశానానికి పది నిమిషాలు. అక్కడ కూడా ఆ మొదటి ముక్కే. ఆ రోజు నుంచీ ఆ గొంతు ఎక్కడ వినబడినా పక్కకి తప్పుకునేవాణ్ని.

ఐదు ఆల్బమ్‌లకి పెట్టుకున్న రూల్ దీనికీ పెట్టకపోతే అన్యాయం అనిపించింది. వదులైన టేపుని పెన్నుతో బిగించి, పాత టేప్‌రికార్డర్‌లో పెట్టి నొక్కా.

మొదటి పది నిమిషాలూ దారుణంగా ఉంది. టేపు అరిగిపోయి, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వంకరపోతోంది. అన్నేళ్లు రోజూ తిరిగిన ముక్క మరి. ఆపేద్దామనుకునేలోపు శబ్దం ఒక్కసారిగా తేటపడింది. నాన్న ఎప్పుడూ దాటని చోటు అది. అక్కణ్నుంచి ఘంటసాల గొంతు కొత్త క్యాసెట్లోలా ఉంది. శ్లోకానికో రాగం మారుతోంది. పాట ఆపి తెలుగులో అర్థం చెబుతుంటే, ఎదురుగా కూర్చుని ఒక పెద్దమనిషి మాట్లాడినట్టుంది. భయపెట్టేది ఏమీ లేదు అందులో. ఇన్నేళ్లూ నేను భయపడింది పది నిమిషాలకే.

అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆపమంటుందనుకున్నా. కూర్చుంది.

కాసేపటికి గేటు చప్పుడైంది. ఎదురింటి మామ్మగారు కంగారుగా వచ్చారు. "ఏమైందే అమ్మాయ్? గీత వినబడుతోంది! ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు పిన్నీ" అంది అమ్మ. "మావాడు పాటలు వింటున్నాడు. రా, కూర్చో."