ముగ్గుపిండి గీత

సినిమాలో హీరో ఒక్క కిక్కు కొడతాడు. బండి లేస్తుంది, దుమ్ము లేస్తుంది, హాల్లో ఈలలు లేస్తాయి. మరి ఆ బండిని ఎలా ఆపాడో మీరెప్పుడైనా గమనించారా? లేదు కదూ! నేనూ గమనించలేదు. అదే నా కొంప ముంచింది.

1973లో 'బాబీ' వచ్చాక, అందులో రిషీకపూర్ నడిపిన చిన్న రాజ్‌దూత్‌కి 'బాబీ బండి' అని పేరు పడిపోయింది. పదేళ్ళయినా మా తెనాలి కుర్రకారుకి ఆ మోజు తీరలేదు. 1983లో మా మావయ్య పాత రాజ్‌దూత్ ఒకటి కొన్నాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నేర్పమని వెంటపడితే "ముందు ఆపడం నేర్చుకోరా అల్లుడూ!" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో ముగ్గుపిండితో గీత గీశాడు. ఇంజను ముట్టుకోనివ్వలేదు. బండి తోసుకుంటూ వచ్చి సరిగ్గా గీత మీద ఆపాలి! మర్నాడు ఇంజను స్టార్టు చేసి, క్లచ్ సగం వదిలి, నడక వేగంతో పోనిచ్చి మళ్ళీ అదే గీత. "ఇటుక వంక చూస్తే ఇటుక మీదికే పోతావు. పోవలసిన దారి చూడు" అనేవాడు. "బ్రేకు వేస్తే బరువంతా ముందు చక్రం మీదికొస్తుంది. అసలు బలం ముందు బ్రేకుదే. రెండూ కలిపి మెల్లగా బిగించు, ఒక్కసారిగా నొక్కకు" అనీ చెప్పాడు.

విన్నాను. కానీ ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని స్నేహితులు చెప్పిందే నమ్మాను.

రెండు వారాల తర్వాత ఫస్టు షోకి బయల్దేరాం. వెనకాల నా ప్రాణస్నేహితుడు. క్రాపు చెదిరిపోతుందని హెల్మెట్ హాండిలుకి తగిలించాను. కాలవగట్టు మీద గేదె అడ్డొచ్చింది. వెనక బ్రేకు ఒక్కటే తొక్కేశాను. చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. నాకు చెవి పైన ఆరు కుట్లు పడ్డాయి. వాడికి కుడి మణికట్టు విరిగింది. పరీక్షలు ఇంకా మూడు వారాలే. ఆ ఏడు వాడు పరీక్ష రాయలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది!

2021 సెప్టెంబరులో హైదరాబాద్‌లో సాయిధరమ్ తేజ్ బండి మీంచి పడినప్పుడు ఆయన తలకి హెల్మెట్ ఉంది. కోలుకున్నాక ఆయనే అభిమానులందరికీ హెల్మెట్ పెట్టుకోమని చెప్పాడు. హీరోగారి క్రాపుకి లేని ఇబ్బంది మన క్రాపుకేమిటి చెప్పండి?

ఇంకో లెక్క. గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. గేదెని చూసి బ్రేకు మీద చెయ్యి వేసేలోపే అంత దూరం పోతాం. వేగం రెట్టింపయితే, బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది.

మొన్న మా చెల్లెలి కొడుకు కొత్త బండి కొన్నాడు. "ఏబీఎస్ ఉంది మావయ్యా, భయం లేదు" అన్నాడు. చక్రం బిగుసుకోకుండా అది చూసుకుంటుంది, నిజమే. కానీ ఎప్పుడు ఆపాలో నువ్వే చూసుకోవాలి కదరా అని గ్రౌండుకి తీసుకెళ్ళాను. నా స్నేహితుడూ వచ్చాడు. నేను ముగ్గుపిండి డబ్బా మూత తీస్తుంటే చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వు. గీత నేను గీస్తాను."

ఆ కుడిచేత్తోనే గీశాడు.