మార్లవాయిలో రెండు సమాధులు

కరీంనగర్‌లో బైక్‌ తీసేటప్పుడు ఎక్కడికి పోతున్నానో అమ్మకు కూడా చెప్పలేదు. తను పోయి ఏడాది. మా ప్రేమ సంగతి రెండిళ్లల్లోనూ తెలియదు. అందుకే దినాలకు నన్నెవరూ పిలవలేదు. నలుగురిలో కూర్చుని ఏడ్చే హక్కు కూడా నాకు లేకుండా పోయింది.

తనకు ఐర్లాండ్‌ కథలంటే పిచ్చి. అక్టోబరు 31 రాత్రి కెల్టిక్‌ జనం ‘సావిన్‌’ పండగ మొదలుపెడతారనీ, ఆ రాత్రి పోయినవాళ్ల లోకానికీ మనకీ మధ్య తలుపు తెరుచుకుంటుందని నమ్మకమనీ వాట్సాప్‌లో చెప్పేది. మొన్న ఆ రాత్రంతా మేలుకున్నా. ఏ తలుపూ తెరుచుకోలేదు. తెల్లారేసరికి ఎప్పుడో చదివిన మార్లవాయి గుర్తొచ్చింది.

ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, జన్నారం అడవిలోంచి ఉట్నూరు చేరా. అక్కణ్నుంచి జైనూరు వైపు. దారి పొడవునా తెల్లగా విచ్చిన పత్తి చేలు.

1940లో కుమ్రం భీం చనిపోయాక గోండుల బతుకులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. వియన్నాలో పుట్టిన ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1987 జనవరి 11న హైదరాబాద్‌లో బెట్టీ చనిపోతే, ఆమె కోరిక మేరకు ఈ ఊళ్లోనే సమాధి కట్టారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఇద్దరూ మళ్లీ ఒకచోటికి చేరడానికి పాతికేళ్లు పట్టింది.

సమాధుల దగ్గర ఓ గోండు పెద్దాయన కూర్చున్నాడు.

“ఎవరి కోసమొచ్చినవ్‌ బిడ్డా?”

హైమన్‌డార్ఫ్‌ను చూద్దామని అనబోయి, తన పేరు చెప్పేశా. ఏడాదిలో ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారి. ‘నీకేమైతది’ అని ఆయన అడగలేదు.

“కూసో. పోయినోళ్లు యాడికీ పోరు. మా పెద్దలంత మా దేవుని కాడనే ఉంటరు. పండుగకు పిలుస్తం, ముందుగాల వాళ్లకే పెడతం” అన్నాడు.

కూర్చున్నా. చాలాసేపు ఏడ్చా. ఆయన లేవలేదు, నన్ను ఊరుకోమనలేదు.

తను చెప్పిన తలుపు నిజంగా ఉందో లేదో నాకు తెలియదు. కానీ పరాయి దేశపు జంటకు చోటిచ్చిన ఊరు, ఏ చుట్టరికమూ లేని నా దుఃఖానికీ కాస్త చోటిచ్చింది. ఏటా జనవరి 11న ఇక్కడ ఆ ఇద్దర్నీ తలుచుకుంటారు. చెప్పుకోలేని పేరేదైనా మీ గుండెల్లో ఉంటే, ఓసారి వెళ్లి రండి.